మిగిలిన వాడకం: ఎనిమిదేళ్లు

మా ఆయన పని గుద్దుకున్న కార్లను చూడటం. ఇన్సూరెన్సు కంపెనీ తరఫున సర్వేయర్. ఏ కారు దేన్ని గుద్దినా షెడ్డుకు వెళ్లి, బాగు చేయిస్తే ఎంతవుతుంది, పాత ఇనుముకు ఇచ్చేస్తే ఎంతొస్తుంది అని లెక్క కట్టి రిపోర్టు రాస్తారు. ముప్ఫై నాలుగేళ్లుగా ఇదే పని. షెడ్డుల్లో మెకానిక్కులు ఆయన వెనకాల ‘తరుగుదల మాస్టారు’ అంటారు. ఏ వస్తువు కనపడినా దాని వయసు అడిగి, అంతమేరకు విలువ తగ్గించేయడం ఆయన అలవాటు. రబ్బరు, ప్లాస్టిక్కు అయితే సగానికి సగం కోత. అద్దానికి మాత్రం కోత లేదు, అది రూలు. పెళ్లప్పుడు కొన్న బీరువాను నేను ముచ్చటగా తుడుచుకుంటుంటే, తూకానికి వేస్తే ఎంతొస్తుందో పక్కన నిలబడి చెప్పిన మనిషి ఆయన. నా గురించి మాత్రం అలాంటి లెక్క ఎప్పుడూ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆయనకు తెలుసు.

నాది ఆల్టరేషన్ షాపు. ఇంటి ముందు గదిలోనే రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల. బిగుతైనవి వదులు చేస్తాను, వదులైనవి బిగిస్తాను. రెడీమేడు బట్టలు కుట్టేవాళ్లు లోపల పిసరంత గుడ్డ కూడా వదలరు, వాళ్లను రోజుకు నాలుగుసార్లు తిట్టుకుంటాను. నేను కుట్టిన ఏ బట్టకైనా లోపల రెండు వేళ్ల గుడ్డ ఉంటుంది. రేపు మనిషి ఒళ్లు చేస్తే విప్పుకోవద్దా? అంత గుడ్డ దండగ కదా అని మా ఆయన ముప్ఫయ్యేళ్లుగా అంటున్నారు. నేను ముప్ఫయ్యేళ్లుగా చెవిన పెట్టడం లేదు.

ఇక అసలు సంగతి. మొన్నొక రోజు ఆయనకు నడుము పక్కన నొప్పి వచ్చింది. పళ్లు బిగపట్టుకుని ఒక పూట ఆగారు, రెండో పూటకు నేనే ఆటో పిలిచాను. కిడ్నీలో రాయేమోనని ఆసుపత్రిలో స్కాన్ తీశారు. రాయి ఉంది, ఆవగింజంత. మేం రిపోర్టు కోసం బెంచీ మీద కూర్చున్నప్పుడే అది పడిపోయింది కూడా. నొప్పీ పోయింది. హమ్మయ్య అనుకుని లేవబోతుంటే రిపోర్టు చేతికిచ్చారు. చివర్న ఒక లైను. ఎడమ కిడ్నీ మీద టోపీ పెట్టినట్టు ఉండే చిన్న గ్రంథిలో, అదే అడ్రినల్ గ్రంథిలో, రెండు సెంటీమీటర్ల గడ్డ.

గడ్డ అనే మాట వినగానే మనసు ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు. నాదీ అక్కడికే పోయింది. ఆయన మాత్రం, మనం దీని గురించి క్లెయిము పెట్టలేదు కదా, ఇదెలా వచ్చిందని రిపోర్టును తిప్పి తిప్పి చూశారు.

హార్మోన్ల డాక్టరమ్మ దగ్గరికి పంపించారు. చిన్న వయసు, నిదానంగా మాట్లాడుతుంది. అది దానంతటది ఊరికే కూర్చుందా, లేక హార్మోన్లు తయారు చేసి ఒంట్లోకి వదులుతోందా అన్నది ముందు తేలాలని చెప్పింది. దాన్నిబట్టి ఆపరేషన్ చేసి తీసేయడమో, తీయకుండా కనిపెట్టుకుని ఉండటమో చూద్దామంది. పరీక్షలు రాసిచ్చి, వచ్చే సోమవారం రమ్మంది.

ఆ రెండు మాటలతో మా ఇల్లు రెండుగా చీలింది. నాకు మొదటి నుంచీ ఒకటే మాట, తీయించేయాలి. కుట్టు తప్పిందని తెలిశాక దాన్నలా ఉంచి పైన ఇస్త్రీ చేసే రకం కాదు నేను. మా ఆడపడుచుకు ఫోన్ చేస్తే ఆవిడా నా పక్షమే నిలిచింది, జీవితంలో మొదటిసారి. గంటలో ఆవిడ నోటి పుణ్యమా అని చుట్టాలందరికీ తెలిసిపోయింది. ఒక్కొక్కరూ ఫోన్ చేసి, ఎవరెవరికి ఎక్కడెక్కడ గడ్డలు లేచాయో చెప్పి నాకు ధైర్యం ఇచ్చారు. సాయంత్రానికి నాకు అన్నం సహించలేదు.

మా ఆయన ఏ పక్షమూ కాదు. ముందు అంచనా వేయాలి, తర్వాతే అభిప్రాయం అన్నారు నింపాదిగా. ఆయన పద్ధతిలో దేనికైనా మూడు షెడ్డుల నుంచి మూడు కొటేషన్లు రావాలి. కాబట్టి మూడు ఆసుపత్రులు తిరిగారు. మొదటి దానికి నేనూ వెళ్లాను, వెళ్లకుండా ఉంటే బాగుండేది. క్యాషు కౌంటర్లో అమ్మాయిని లేబరు ఛార్జీ విడిగా, సామాను విడిగా చెప్పమన్నారు. ఆ పిల్ల గది అద్దె, మత్తు డాక్టరు, మందులు అన్నీ కలిపి ఒక అంకె చెప్పింది. అంతా రాసుకుని, మరి తీసిన పార్టు సంగతేంటని అడిగారు. ఆ పిల్లకు అర్థం కాలేదు. తీసిన పార్టు ఆసుపత్రి ఉంచుకుంటే దాని స్క్రాపు విలువ బిల్లులో తగ్గించాలి కదా అని విడమరిచి చెప్పారు. ఆ పిల్ల నా వైపు చూసింది. నేను గోడ మీద ఉన్న మంటలార్పే డబ్బా మీద ఏం రాసుందో చదువుతున్నాను.

పరీక్షల్లో ఒకటి మరీ విడ్డూరం. ఇరవై నాలుగు గంటల పాటు వచ్చిన మూత్రమంతా ఒక క్యానులో పట్టి తెమ్మన్నారు. ఆ ఒక్క రోజూ సెలవు పెట్టుకోండి మహానుభావా అని బతిమాలాను. మూడు కార్లు పెండింగులో ఉన్నాయన్నారు. క్యానుకు చీటీ అతికించి, మొదలుపెట్టిన టైము రాసి, సంతకం చేసి షెడ్డుకు పట్టుకుపోయారు. అక్కడ ఓ మూలన పెట్టి కారు కిందికి దూరారు. ఆయన బయటికి వచ్చేసరికి ఒక మెకానిక్కు అది ఇంజను చల్లబడటానికి పోసే కూలెంటు అనుకుని, ఒక కారు బానెట్టు ఎత్తి, మూత తిప్పుతున్నాడట. ఇంకో నిమిషం ఆలస్యమైతే ఎవరిదో కారు మా ఆయన మీద నడిచేది. ఇంటికొచ్చి ఇదంతా ఆయనే చెప్పారు, నవ్వకుండా. చుక్క కూడా పోలేదు, లెక్క సరిపోయిందన్నారు. ఆ వారంలో నేను నవ్వింది అదొక్కసారే.

శనివారం మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయన ఒక పేపరు నా మిషను మీద, కత్తెర కింద పెట్టి వెళ్లి నడుం వాల్చారు. నేను ఒక ప్యాంటుకు సుద్దతో గుర్తులు పెడుతున్నాను. చేతిలో సుద్ద అలాగే పట్టుకుని ఆ పేపరు తీశాను.

సాక్షాత్తూ కారు రిపోర్టే. అదే ఫారం, అవే గడులు. వాహనం అన్నచోట తన పేరు రాసుకున్నారు. వయసు అరవై ఒకటి. పాత రిపేర్లు: అపెండిక్సు ఒకటి, పళ్లు మూడు. మోకాళ్లు రబ్బరు కింద లెక్క, సగం కోత. కళ్లజోడు అద్దం, కోత లేదు. నాకు నవ్వు రాబోయింది. కింద రెండు వరసలు గీశారు. ఒక వరసలో ఆపరేషన్, మూడు కొటేషన్ల సగటు, రెండు లక్షల నలభై వేలు, ఒకేసారి. రెండో వరసలో ఏడాదికోసారి స్కాను, రక్త పరీక్షలు, డాక్టరు ఫీజు, దారి ఖర్చులు, అన్నీ కలిపి ఏడాదికి ఇరవై వేలు. ఇరవై వేలను ఎన్నేళ్లతో హెచ్చించాలి? దానికి ఒక గడి ఉంది. ఆ గడి పేరు ‘మిగిలిన వాడకం’. అందులో ఎనిమిది అని రాసుంది.

ఎనిమిది ఇరవైలు లక్షా అరవై వేలు. రెండు లక్షల నలభై వేల కన్నా తక్కువ. కాబట్టి తీయనక్కర్లేదు, కనిపెట్టుకుని ఉండటమే లాభం అని కింద తేల్చేశారు. అంకెలు ముత్యాల్లా ఉన్నాయి. ఎక్కడా కొట్టివేత లేదు.

నేను పడుకున్న మనిషిని లేపాను.

“ఏంటండీ ఇది?”

“అంచనా.”

“ఈ ఎనిమిదేంటి అని అడుగుతున్నాను.”

“మిగిలిన వాడకం. ఏదో ఒక అంకె వేయకపోతే లెక్క తెగదు కదా.”

“ఎవరి వాడకం?”

ఆయన కళ్లజోడు కోసం తలగడ కింద వెతుక్కున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ముప్ఫై రెండేళ్లు కాపురం చేసిన మనిషి, ఇంకో ఎనిమిదేళ్లలో పోతానని తీర్మానించుకుని, నాతో ఒక్క మాట అనకుండా, ఆ అంకె గడిలో వేసుకుని, హాయిగా నిద్రపోతున్నాడు. అంత కోపంలో నా నోటికి రావలసిన మాటలన్నీ వచ్చాయి, వాటిని ఇక్కడ రాయను. గడ్డ ఉంటే ఉంది, పోతే పోయింది, ఈ ఎనిమిదిని మాత్రం ఇంట్లో ఉండనివ్వనన్నాను. చేతిలో సుద్ద ఉంది కదా, దాంతోనే ఆ ఎనిమిది మీద దిట్టంగా ముప్ఫై అని దిద్దాను.

ఆయన లేచి కూర్చుని ఆ పేపరు చూశారు. వాదించలేదు. అంకె మారితే లెక్క మళ్లీ కట్టాలి, అంతే. ముప్ఫై ఇరవైలు ఆరు లక్షలు. ఆరు లక్షల ముందు రెండు లక్షల నలభై వేలు ఏ మూలకు? కింద తేల్చిన వాక్యం కొట్టేసి, తీయించేయడమే లాభం అని రాశారు.

“అయితే ఆపరేషనే. సోమవారం తారీఖు అడుగుదాం” అన్నారు.

నేను గెలిచాను. వారం రోజులుగా నేను కోరుకున్నది అదే కదా. నాలుగు జతల బట్టలు, తువ్వాలు, చెప్పులు ఒక సంచిలో సర్దాను. సర్దుతుంటే కొటేషన్లతో పాటు ఒక ఆసుపత్రి వాళ్లిచ్చిన ఒప్పుకోలు కాగితం కనపడింది. మత్తు ఇస్తే ఏమేం కావచ్చు, కోస్తే ఏమేం కావచ్చు, రక్తం ఎంత పోవచ్చు, వరసగా రాసి, కింద సంతకానికి చోటు వదిలారు. రోగి సంతకం ఒకటి, దగ్గరివాళ్ల సంతకం ఒకటి. దగ్గరివాళ్లంటే నేనే. ఇస్త్రీ బల్ల పట్టుకుని నిలబడ్డాను. నేను ఆయన్ను బతికించడానికి అంకె పెంచితే, ఆ అంకె ఆయన్ను కత్తి కిందికి తోస్తోంది. ఇదెక్కడి లెక్కరా భగవంతుడా అనుకున్నాను.

ఆదివారమంతా ఆయన చుట్టూ తిరిగాను. చివరికి ఉండబట్టలేక, ఆ అంకె కాస్త తగ్గిస్తే ఎలా ఉంటుందని అడిగాను. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. షెడ్డు వాళ్లు బేరానికి వచ్చినప్పుడు కూడా ఆయన ఇలాగే ఉంటారట.

“పన్నెండైతే రెండూ సమానం. పదకొండైతే ఆపరేషన్ అక్కర్లేదు. ఎంత వేయమంటావో చెప్పు” అన్నారు.

పదకొండు. చిన్న మాట. కూరగాయల దగ్గర రోజూ అనే మాట. నోరు తెరిచాను, రాలేదు. పదకొండు అంటే ఆయనకు డెబ్బై రెండు, నాకు అరవై ఎనిమిది. అప్పుడు ఈ గదిలో మిషను తొక్కుతూ నేనొక్కదాన్నీ కనపడ్డాను. వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పి, ఎవరికీ వినపడకుండా ఏడ్చాను. తిరిగొచ్చి, ముప్ఫై ముప్ఫైగానే ఉండనివ్వండి, కోయించుకుంటే కోయించుకుందాం అన్నాను. ఆయన తల ఊపారు. చాలాసేపటి తర్వాత, కొళాయి వాషరు పోయిందా, నీళ్లు అంతసేపు కారాయి అన్నారు. లేదన్నాను.

సోమవారం సంచి భుజాన వేసుకుని డాక్టరమ్మ ముందు కూర్చున్నాం. ఆవిడ పరీక్షల కాగితాలన్నీ చూసి, స్కాను తెర మీద పెట్టి చూసి, ఏమైనా నిర్ణయానికి వచ్చారా అని అడిగింది. మా ఆయన రిపోర్టు తీసి బల్ల మీద పెట్టారు. సుద్ద సంచిలో రుద్దుకుపోయి, ముప్ఫై వెనకాల నుంచి ఎనిమిది తొంగి చూస్తోంది. డాక్టరమ్మ మొదట్లో మర్యాదకు చదివింది, మోకాళ్ల దగ్గరికి వచ్చేసరికి కుర్చీ ముందుకు లాక్కుంది. చివరిదాకా చదివి, ఏడాదికోసారి స్కాను తీయాలని మీకెవరు చెప్పారని అడిగింది.

ఎవరూ చెప్పలేదు. కనిపెట్టుకుని ఉండాలి అన్న మాట ఒక్కటే ఆవిడ అన్నది. మా ఆయన ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో కనిపెట్టుకుని ఉండటమంటే ఏడాదికోసారి బండిని తీసుకొచ్చి ఫిట్‌నెస్ చేయించడం, బండి బతికున్నంత కాలం. ఆసుపత్రి కౌంటర్లో కూడా ఏడాదికి ఎంత అనే అడిగారు, వాళ్లూ ఏడాదికి ఎంతో చెప్పారు. నాకైనా తట్టలేదు చూడండి. ఇద్దరం కూర్చుని ఎన్నేళ్లతో హెచ్చించాలని కొట్టుకున్నాం గానీ, అసలు హెచ్చించాలా అని అడగలేదు.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. మీ వయసు వాళ్లు వందమందికి స్కాను తీస్తే నలుగురైదుగురిలో ఇలాంటిది కనపడుతుంది. ఇది చిన్నది, లోపల ఉన్నది ఎక్కువగా కొవ్వు, స్కానులో తెలిసిపోతోంది. పరీక్షలన్నీ బాగున్నాయి, ఇది ఏ హార్మోనూ వదలడం లేదు. దీన్ని తీయడం అనవసరంగా కోయడమే. అమ్మగారి భయం తీరడానికి ఏడాది తర్వాత ఒక్క స్కాను తీద్దాం, అది కూడా నిజానికి అక్కర్లేదు. ఆ తర్వాత దీని సంగతి మర్చిపోండి.

“అంటే మొత్తం ఇరవై వేలు” అన్నారు మా ఆయన.

“అంత కూడా కాదు.”

“అయితే ఈ గడితో పని లేదా?”

“లేదు సార్. మీరు ఎన్నేళ్లు బతికినా ఒకటే ఖర్చు.”

ఆయన ముఖం చూడాలి. నాలుగు రోజుల కష్టం గాలికిపోయింది. మూడు కొటేషన్లూ దండగ. నాకైతే సంతోషంతో ఏం చేయాలో తోచలేదు. డాక్టరమ్మ చేతులు పట్టుకుందామా అనుకున్నాను. అంతలో ఆ పేపరు మీద మళ్లీ ఎనిమిది కనపడింది, సంతోషం కాస్తా కోపమైంది. గడ్డ సంగతి తేలింది, ఎనిమిది సంగతి తేలలేదు కదా. డాక్టరమ్మ ఉందని కూడా చూడలేదు.

“ఎనిమిదే ఎందుకు వేశారు?”

ఆయన పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టారు.

“నాన్న అరవై తొమ్మిదికి పోయారు. అదే మోడలు కదా అని వేశాను.”

డాక్టరమ్మ పేపరు మడిచి ఆయన చేతికిచ్చి, ఈ అంకె వేయడం నాకు కూడా చేతకాదు సార్ అంది. దారిలో సంచి ఆయనే మోశారు.

ఇంటికి రాగానే నేను బట్టలు తీసి బీరువాలో సర్దుకున్నాను. షాపు తెరిచి, శనివారం వదిలేసిన ప్యాంటు మిషనెక్కించాను. చీకటి పడక ముందే ఆయన మళ్లీ ఒక పేపరు తెచ్చి కత్తెర కింద పెట్టారు. ఈసారి పడుకోలేదు, అక్కడే నిలబడ్డారు. ఫైలు మూయాలంటే ఆఖరి రిపోర్టు ఉండాలట. కొత్త ఫారం. గడ్డ రెండు సెంటీమీటర్లు, రిపేరు అవసరం లేదు, ఏడాది తర్వాత ఒక్కసారి చూడవలెను. అన్ని గడులూ నింపారు. ‘మిగిలిన వాడకం’ ఒక్కటే ఖాళీగా ఉంది.

ఆ గడితో పని లేదని ఆవిడ చెప్పింది కదా అన్నాను. ఏ గడీ ఖాళీగా ఉంటే ఆఫీసులో ఫైలు వెనక్కి కొడతారన్నారు. మరి వేసుకోండి అన్నాను, మిషను ఆపకుండా. మనసులో మాత్రం, మళ్లీ ఎనిమిది వేశారంటే ఈ కత్తెర ఊరుకోదని అనుకున్నాను.

ఆయన జేబులోంచి పెన్ను తీసి నా ముందు పెట్టారు.

“సొంత బండికి సర్వేయరు తనే అంచనా రాయకూడదు. రూలు. నేను ముందే చూసుకోవాల్సింది.”

ఆ రూలు నాకు తెలియనిది కాదు. ఒకప్పుడు ఆయన స్కూటరును లారీ గుద్దితే, ఇంకో సర్వేయరు వచ్చి లెక్క కడుతుంటే ఈయన షెడ్డు బయట చేతులు కట్టుకుని గంటన్నర నిలబడ్డారు. ఇప్పుడూ అలాగే నిలబడ్డారు, చేతులు కట్టుకుని.

మిషను ఆపాను. ఈసారి సుద్ద ముట్టుకోలేదు. పెన్నుతో, చెరిగిపోకుండా, ముప్ఫై అని వేశాను. తర్వాత ఆగి, పక్కనే చిన్నగా ఇంకో రెండు వేశాను.

“ఈ రెండేంటి?” అన్నారు.

“లోపలి గుడ్డ” అన్నాను.

ఆయన నోరు తెరిచారు. ముప్ఫయ్యేళ్లుగా అంటున్న మాటే వస్తుందని నేను చూస్తున్నాను. ఆయన వంగి, కింద బండి యజమాని అన్నచోట సంతకం పెట్టి, తారీఖు వేశారు.